గుండె ప్రొసీజర్‌కు ముందు రాసే స్కాన్లు: ఏ గదిలో ఏం జరుగుతుంది, ఏం అడగాలి, ఏ కాగితం మీ దగ్గర ఉంచుకోవాలి

ఓపీలో పది నిమిషాలు కూర్చుని బయటికి వచ్చేసరికి చేతిలో ఒక చీటీ ఉంటుంది. దాని మీద ‘ఈసీజీ, 2డీ ఎకో, క్రియాటినిన్, సీఏజీ’ అనో, ‘టీఈఈ’ అనో, ‘సీటీ కరోనరీ యాంజియో’ అనో రాసి ఉంటుంది. కంగారులో డాక్టరుగారు చెప్పింది సగం వినబడదు, విన్నదాంట్లో సగం గుర్తుండదు. ఈలోగా బిల్లింగ్ కౌంటర్‌లో ‘క్యాషా, ఆరోగ్యశ్రీయా?’ అని అడుగుతారు. ఇంట్లో ఎవరో ఒకరు పక్కకు వెళ్లి ఫోన్‌లో ఆ అక్షరాలను వెతకడం మొదలుపెడతారు. ఆ పని మీ మీద పడి ఉంటే ఇది మీ కోసమే.

ముందుగా ఒక మాట. ఛాతీ మధ్యలో నొక్కేసినట్టు నొప్పి, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం ఇప్పుడే ఉంటే ఇది చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి. గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు ఆసుపత్రి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. పెద్ద గుండెపోటని ఈసీజీలోనే తేలితే మిగతా స్కాన్ల కోసం ఆగరు, నేరుగా క్యాథ్ ల్యాబ్‌కు తీసుకెళ్తారు. అది లేనిచోట గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. అలాంటి సమయంలో ‘ముందు డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఎకో తీయించుకుని వెళ్దాం’ అనుకోవడం ప్రమాదం. కింద చెప్పేదంతా తేదీ ఇచ్చి, రమ్మని చెప్పిన ప్రొసీజర్ల గురించి.

ఇన్ని స్కాన్లు ఎందుకు?

గుండెకు సంబంధించి డాక్టర్లు చూసేవి ప్రధానంగా మూడు: మోటారు, పైపులు, వైరింగ్. కండ ఎంత బలంగా కొట్టుకుంటోంది, కవాటాలు సరిగా తెరుచుకుని మూసుకుంటున్నాయా అన్నది మోటారు సంగతి. గుండెకే రక్తం తెచ్చే కరోనరీ నాళాలు పైపులు. కొట్టుకునే లయను నడిపేది వైరింగ్. అపార్ట్‌మెంట్‌లో నీళ్లు రాకపోతే ప్లంబర్ చూసేది ఒకటి, ఎలక్ట్రీషియన్ చూసేది ఇంకొకటి అయినట్టే, ఏ ఒక్క స్కానూ ఈ మూడింటినీ పూర్తిగా చూపించలేదు. ‘మొన్ననే ఎకో నార్మల్ వచ్చింది కదా, మళ్లీ యాంజియో ఎందుకు?’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఎకోలో మోటారు బాగా కనిపించినా పైపులో పూడిక ఉండొచ్చు.

2డీ ఎకో: అందరికీ రాసేది, అందరూ తప్పుగా చదివేది

స్టెంట్ వేసినా, కవాటం మార్చినా, పేస్‌మేకర్ పెట్టినా ముందు 2డీ ఎకో ఉంటుంది. ఇది అల్ట్రాసౌండే, రేడియేషన్ లేదు. పరగడుపున రావాల్సిన పని లేదు, మందులు ఆపక్కర్లేదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లటి జెల్ రాసి, ప్రోబ్‌ను పక్కటెముకల మధ్య కాస్త గట్టిగానే నొక్కుతారు. ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట పట్టొచ్చు. మధ్యలో ‘హుష్ హుష్’మని శబ్దం వస్తుంది, అది రక్తం పారే వేగాన్ని కొలిచే డాప్లర్. ఆడవాళ్లు ముందు వైపు తెరుచుకునే బట్టలు వేసుకుని వెళితే సులువు. గదిలో ఒక మహిళా సిబ్బంది ఉండాలని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

గది గోడ మీద ‘లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అన్న బోర్డు చూసి తప్పు గదికి వచ్చామనుకునే పెద్దవాళ్లుంటారు. అల్ట్రాసౌండ్ యంత్రాలకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి కాబట్టి ఎకో గదిలోనూ ఆ బోర్డు కనిపిస్తుంది.

అసలు గొడవ రిపోర్టు చేతికొచ్చాక మొదలవుతుంది. అందులో మొదట కళ్లు పడేది ‘ఈఎఫ్’ మీద. ఈఎఫ్ 60 అని ఉంటే ‘నాన్న గుండె అరవై శాతమే పనిచేస్తోందట’ అని బంధువులందరికీ ఫోన్లు వెళ్తాయి. అది పరీక్షలో వచ్చిన మార్కు కాదు. గుండె నిండినప్పుడు ఉన్న రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత శాతం బయటకు తోస్తుందన్న కొలత. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా మొత్తం తోసేయదు. 55 నుంచి 70 దాకా మామూలే. 40 కన్నా తగ్గితే కండ బలహీనపడిందని అర్థం. 35, అంతకన్నా తక్కువైతే ప్రొసీజర్ ప్లానే మారొచ్చు, కొందరికి షాక్ ఇచ్చే ఐసీడీ పరికరం గురించి కూడా మాట్లాడతారు.

ఇంకో సంగతి. ఈఎఫ్‌ను ఎక్కువగా కంటి అంచనాతోనో, తెర మీద గీతలు గీసి కొలిచో రాస్తారు. ఒక సెంటర్లో 60, వారం తర్వాత ఇంకో చోట 55 వచ్చిందంటే గుండె దెబ్బతిన్నట్టు కాదు. చేసే మనిషి, యంత్రం మారితే ఆ మాత్రం తేడా వస్తుంది.

‘ట్రివియల్ ఎంఆర్’, ‘మైల్డ్ టీఆర్’ అంటే కవాటాల దగ్గర చిన్న లీకు. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ ఇది తరచూ కనిపిస్తుంది. ‘గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్’ వయసు మీద పడ్డవాళ్లలో, బీపీ ఉన్నవాళ్లలో చాలా మామూలు. చివరి వరుసలో ‘నో క్లాట్, నో పీఈ’ అని ఉంటుంది. ఆ పీఈని నెట్‌లో వెతికితే ఊపిరితిత్తుల్లో గడ్డ అని వచ్చి గుండె ఝల్లుమంటుంది. ఎకో రిపోర్టులో పీఈ అంటే గుండె చుట్టూ ఉండే పొరలో నీరు. అది లేదని చెప్పడమే ఆ వరుస పని. ఇవన్నీ పక్కన పెట్టి మీరు వెతకాల్సిన మాట ‘ఆర్‌డబ్ల్యూఎంఏ’. గుండె గోడలో ఒక భాగం సరిగా కదలడం లేదని అర్థం. ఆ భాగానికి రక్తమిచ్చే నాళంలో అడ్డంకి ఉందనో, తెలియకుండా గతంలో గుండెపోటు వచ్చి పోయిందనో అది సూచన కావొచ్చు. ఈ మాట ఉంటే డాక్టరును ‘ఏ గోడ, ఏ నాళం?’ అని అడగండి.

పసిపిల్లలకు గుండెలో రంధ్రం అనుమానంతో ఎకో తీసేటప్పుడు కదలకుండా నిద్ర సిరప్ ఇస్తారు. ఎప్పటినుంచి పాలు ఆపాలో ముందురోజే అడిగి తెలుసుకోండి. అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అనుమానం వచ్చిన పిల్లలను పై ఆసుపత్రులకు ఉచితంగానే పంపుతారు. బడిలో ఇచ్చిన ఆ చీటీని పారేయకండి, తర్వాత ఆపరేషన్ దాకా అదే దారి చూపుతుంది.

నడిపించే పరీక్షలు

టీఎంటీ అంటే ట్రెడ్‌మిల్. మూడు నిమిషాలకోసారి వేగం, ఎత్తు పెరుగుతాయి. 220 నుంచి మీ వయసు తీసేసి, అందులో 85 శాతానికి గుండె వేగం చేరేదాకా నడిపిస్తారు. బూట్లు వేసుకెళ్లండి, చెప్పులతో నడవడం కష్టం. రెండు మూడు గంటల ముందు నుంచి కడుపు నిండా తినొద్దు. గుండె వేగం తగ్గించే మాత్రలు వాడుతుంటే ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, మీరు సొంతంగా మానేయకండి. మోకాళ్ల నొప్పులతో నడవలేనివాళ్లకు మందు ఎక్కించి గుండె వేగం పెంచి ఎకో తీసే పద్ధతి ఉంది.

థాలియం స్కాన్ అని జనం ఇప్పటికీ పిలిచేదాన్ని ఎక్కువ చోట్ల టెక్నీషియంతో చేస్తున్నారు. కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, విశ్రాంతిలో ఒకసారి, శ్రమలో ఒకసారి బొమ్మలు తీస్తారు. సగం రోజు పోతుంది. ముందురోజు నుంచి టీ, కాఫీ, చాక్లెట్, కూల్‌డ్రింకులు మానమంటారు. ఇది నిజంగా పాటించాల్సిన నియమం. కెఫీన్ ఉంటే వాళ్లు ఇచ్చే మందు పనిచేయదు, స్కాన్ వాయిదా పడుతుంది. ఆ రోజుకు పసిపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, గర్భిణుల పక్కన ఎక్కువసేపు ఉండటం మానండి.

సీటీ యాంజియో: తయారీలోనే అంతా ఉంది

దీన్ని ‘సూది లేని యాంజియోగ్రామ్’ అని ప్రచారం చేసే సెంటర్లున్నాయి. సూది ఉంటుంది. మోచేతి దగ్గర కాస్త లావుపాటి క్యాన్యులా పెట్టి, దాని గుండా అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందును వేగంగా ఎక్కిస్తారు. ఒళ్లంతా ఒక్కసారిగా వేడెక్కుతుంది, మూత్రం పోయిందేమోనన్న భ్రమ కలుగుతుంది. పోదు. అర నిమిషంలో తగ్గిపోతుంది.

బొమ్మ బాగా రావాలంటే గుండె నిదానంగా కొట్టుకోవాలి, నిమిషానికి 60 దగ్గర. అందుకే గంట ముందు మెటోప్రొలాల్ లాంటి మాత్ర ఇచ్చి కూర్చోబెడతారు. ‘స్కాన్ పది నిమిషాలేనన్నారు, మూడు గంటలు కూర్చోబెట్టారు’ అన్న విసుగుకు కారణం ఇదే. ఆస్తమా ఉంటే ఈ మాత్ర వేసుకునే ముందే చెప్పాలి. నాలుక కింద నైట్రేట్ మందు కూడా ఇస్తారు. వయాగ్రా తరహా మాత్రలు గత రెండు రోజుల్లో వాడి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. పక్కన కొడుకో కోడలో ఉన్నారని మౌనంగా ఉండిపోయే పెద్దవాళ్లున్నారు. సిబ్బందిని పక్కకు పిలిచి చెప్పొచ్చు.

ముందుగా క్రియాటినిన్ పరీక్ష అడుగుతారు, కాంట్రాస్ట్ కిడ్నీల గుండా బయటకు పోవాలి కాబట్టి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే కిడ్నీల పరిస్థితిని బట్టి రెండు రోజులు ఆపమనొచ్చు. రొయ్యలు, పీతలు పడవని చెబితే కాంట్రాస్ట్ కూడా పడదేమోనని భయపడటం పాత అపోహ, వాటికీ దీనికీ సంబంధం లేదు. గతంలో కాంట్రాస్ట్ ఎక్కించినప్పుడే దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే అది మాత్రం అసలైన సమాచారం.

రేడియేషన్ గురించి అడిగేవాళ్లకు: ప్రకృతిలో నుంచే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ తగులుతుంది. కొత్త యంత్రాల మీద గుండె సీటీ కొన్ని మిల్లీసీవర్ట్‌లలోనే అయిపోతుంది, పాతవాటి మీద ఎక్కువ. అవసరమై చేయించుకునేవాళ్లు భయపడేంత కాదు. ఏ లక్షణమూ లేకుండా ‘ఆఫర్ ప్యాకేజీ’లో ఏటా తీయించుకునేవాళ్లు మాత్రం ఆలోచించాలి. గర్భం ఉండే అవకాశం ఉంటే ముందే చెప్పాలి.

సీటీ బలం ఎక్కడంటే, ‘పూడికలు లేవు’ అని చెబితే దాదాపు నమ్మొచ్చు. బలహీనత ఎక్కడంటే, నాళాల్లో కాల్షియం బాగా పేరుకున్నవాళ్లలో పూడికను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. చిన్న స్టెంట్ల లోపలి భాగం కూడా సరిగా కనిపించదు. అందుకే ఏళ్లుగా షుగర్ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి సీటీ వదిలేసి నేరుగా యాంజియోగ్రామ్ రాస్తే డాక్టరు డబ్బు కోసం చేస్తున్నారనుకోనక్కర్లేదు. తొడ దగ్గరి నాళం ద్వారా బృహద్ధమని కవాటం మార్చే టావీ ప్రొసీజర్‌కు మాత్రం సీటీ తప్పనిసరి. కవాటం సైజు, అది వెళ్లే దారి కొలతలు అందులోంచే తీస్తారు.

గొంతులోంచి చేసే ఎకో

టీఈఈ పేరు వినగానే భయపడేవాళ్లే ఎక్కువ. అన్నవాహిక గుండెకు సరిగ్గా వెనక ఉంటుంది కాబట్టి అక్కడినుంచి చూస్తే బొమ్మ చాలా స్పష్టంగా వస్తుంది. రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం మూసుకుపోయినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఇంకా ఉన్నారు, వాళ్లలో చాలామంది చిన్న వయసు ఆడవాళ్లు. వారికి బెలూన్‌తో కవాటం తెరిచే ముందు ఎడమ పై గదిలో గడ్డ లేదని చూసుకోవడానికి ఈ పరీక్ష చేస్తారు. గడ్డ ఉండగా బెలూన్ వేస్తే అది కదిలి మెదడుకు వెళ్లి పక్షవాతం తేవొచ్చు. గుండె రంధ్రాన్ని పరికరంతో మూసేముందు, లయ తప్పిన గుండెకు షాక్ ఇచ్చేముందు కూడా ఇదే.

ఆరు గంటలు ఏమీ తినకూడదు. కట్టుడు పళ్లు తీసేయాలి. గొంతులో తిమ్మిరి స్ప్రే కొట్టి, కొంత మత్తు ఇచ్చి, వేలంత గొట్టం మింగిస్తారు. ఓకారం వస్తుంది, ఊపిరికి మాత్రం అడ్డుపడదు. పది నుంచి ఇరవై నిమిషాల పని. తర్వాత గొంతు తిమ్మిరి పోయేదాకా, కనీసం గంట, మంచినీళ్లు కూడా తాగకూడదు, పొలమారుతుంది. ఆ రోజు బండి నడపొద్దు, తోడు లేకుండా వెళ్లొద్దు. మింగడంలో ఇబ్బంది, రక్తపు వాంతుల చరిత్ర, లివర్ జబ్బు ఉంటే ముందే చెప్పాలి.

ఎంఆర్ఐ తక్కువమందికి రాస్తారు. గుండెపోటు తర్వాత కండ బతికి ఉందా, స్టెంట్ వేసి ఉపయోగముందా అన్నది తేల్చడానికి. ఇరుకు గొట్టంలో గంట దాకా, పెద్ద చప్పుడు మధ్య, ఊపిరి బిగపట్టమన్నప్పుడల్లా బిగపట్టాలి. శరీరంలో పేస్‌మేకర్‌తో సహా ఏ లోహం ఉన్నా చెప్పాలి. స్టెంట్ ఉంటే సాధారణంగా ఇబ్బంది లేదు, అయినా కార్డు చూపించండి. బైపాస్‌కు వెళ్లేవాళ్లకు వీటితో పాటు మెడ నాళాల డాప్లర్, కాలి సిరల స్కాన్ రాస్తారు. ‘గుండె ఆపరేషన్‌కు కాలు స్కాన్ ఎందుకు?’ అంటే, కొత్త దారి వేయడానికి సిరను తీసేది కాలి నుంచే.

యాంజియోగ్రామ్: టేబుల్ మీద అడిగే ప్రశ్న

సాంకేతికంగా ఇది స్కాన్ కంటే ఒక మెట్టు పైన. కానీ కుటుంబాలకు అసలు పరీక్ష ఇక్కడే. నాలుగైదు గంటలు పరగడుపున ఉండాలి. మణికట్టు, గజ్జల దగ్గర వెంట్రుకలు తీస్తారు. రక్తపరీక్షల్లో హెచ్ఐవీ కూడా ఉంటుంది, అది మీకు చెప్పి, మీ సమ్మతితోనే చేయాలని 2017 నాటి చట్టం చెబుతోంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు సాధారణంగా ఆపరు. ఏసిట్రోమ్, వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే కొన్ని రోజుల ముందే చెప్పాలి.

మత్తు ఇవ్వరు, మణికట్టు దగ్గర మాత్రం తిమ్మిరి ఇంజెక్షన్ వేస్తారు. మీరు మెలకువగానే ఉంటారు, తెర మీద మీ గుండెను మీరే చూడొచ్చు. నాళాల బొమ్మలు తీయడానికి ఇరవై ముప్పై నిమిషాలు. ప్రాణానికి ముప్పు తెచ్చే సమస్యలు నూటికి ఒకరికన్నా తక్కువమందికి వస్తాయి.

అప్పుడు క్యాథ్ ల్యాబ్ తలుపు తెరుచుకుని ఒకరు బయటికొస్తారు. ‘పేషెంట్ తాలూకు ఎవరు? రెండు బ్లాకులున్నాయి, ఒకటి తొంభై శాతం. ఇప్పుడే స్టెంట్ వేసేద్దామా?’ లోపల మనిషి టేబుల్ మీద ఉన్నాడు. మీకు ఉన్నది రెండు నిమిషాలు. ఆ క్షణంలో వద్దనగలిగే కొడుకులూ కూతుళ్లూ తక్కువ.

గుండెపోటుతో వచ్చినవాళ్లయితే ఆలోచించకండి, అవుననండి. మందులు వాడుతున్నా విశ్రాంతిలోనే నొప్పి వస్తున్నవాళ్లకూ అంతే. కానీ నడిస్తే కొంచెం ఆయాసం, టీఎంటీ పాజిటివ్ అని తేదీ తీసుకుని వచ్చిన వాళ్ల విషయం వేరు. 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనంలో 37 దేశాల నుంచి 5,179 మంది పాల్గొన్నారు, అందులో మన దేశమూ ఉంది. గుండె నిలకడగా ఉన్న ఇలాంటి వాళ్లలో సగం మందికి ముందే యాంజియో చేసి, అవసరమైతే స్టెంటో బైపాసో చేశారు. మిగతా సగం మందికి మందులతో మొదలుపెట్టారు. మూడేళ్లకు పైగా చూస్తే మరణాల్లో, మొత్తం మీద గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం స్టెంట్ వైపే ఉపశమనం బాగుంది. ఎడమ ప్రధాన నాళంలో పూడిక ఉన్నవాళ్లను, గుండె బాగా బలహీనపడ్డవాళ్లను ఈ అధ్యయనంలో చేర్చుకోలేదు, వాళ్లకు ఈ లెక్క వర్తించదు.

దీని అర్థం స్టెంట్లు వృథా అని కాదు. నిలకడగా ఉన్న మనిషికి ఇంటికెళ్లి ఆలోచించుకునే టైమ్ చాలాసార్లు ఉంటుందని. షుగర్ ఉండి మూడు నాళాల్లోనూ పూడికలున్నవాళ్లకు ఆ టైమ్ మరీ ముఖ్యం. అలాంటివాళ్లలో బైపాస్ చేయించుకున్నవాళ్లే స్టెంట్లు వేయించుకున్నవాళ్లకన్నా మెరుగ్గా ఉన్నారని 2012లో వచ్చిన ఫ్రీడమ్ అధ్యయనం చూపించింది. సర్జన్ ఒక్కసారి సీడీ చూడకుండా టేబుల్ మీదే మూడు స్టెంట్లకు ఒప్పుకోవడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం.

కాబట్టి ఈ సంభాషణను తలుపు ముందు కాకుండా ముందురోజే చేయండి. సమ్మతి పత్రం మీద ‘సీఏజీ’ అని మాత్రమే ఉందా, లేక ‘సీఏజీ ఎస్‌వోఎస్ పీటీసీఏ’ అనో, మధ్యలో ప్లస్-మైనస్ గుర్తుతోనో ఉందా చూడండి. రెండో రకమైతే అవసరం అనిపిస్తే అక్కడికక్కడే స్టెంట్ వేయడానికీ మీరు సంతకం పెడుతున్నట్టే. అది తప్పేమీ కాదు. రెండోసారి సూది, రెండోసారి కాంట్రాస్ట్, రెండోసారి ఖర్చు తప్పుతాయి. కానీ తెలిసి పెట్టాలి. ‘ఏం కనిపిస్తే వెంటనే వేస్తారు, ఏం కనిపిస్తే ఆగుతారు?’ అని అడిగితే మంచి డాక్టరు రెండు వాక్యాల్లో చెప్పేస్తారు.

యాభై నుంచి డెబ్బై శాతం మధ్య అని చెప్పే పూడికల దగ్గర ఇంకో ప్రశ్న ఉంది: ‘ఎఫ్ఎఫ్ఆర్ చూస్తారా?’ సన్నటి తీగ పంపి పూడికకు ముందూ వెనకా ఒత్తిడి కొలుస్తారు. 0.80, అంతకన్నా తక్కువ వస్తే రక్తం నిజంగా తగ్గుతోందని లెక్క. కంటికి పెద్దగా కనిపించిన పూడిక ఈ కొలతలో తేలిపోవడం అరుదేమీ కాదు. ఆ తీగకు అదనపు ఖర్చు ఉంటుంది. అక్కర్లేని స్టెంట్ కన్నా అది చవక.

కార్డు ఉంటే ఎవరు కడతారు?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. ఏపీలో అదే పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది, పరిమితి 25 లక్షలు. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల కవరేజీని కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చింది.

పరిమితి కన్నా మీకు రోజువారీగా తగిలేది ప్రీ-ఆథరైజేషన్. ముందుగా వేసుకున్న ప్రొసీజర్‌కు ఆసుపత్రి మీ ఎకో, యాంజియో బొమ్మలను ఆన్‌లైన్‌లో పంపాలి. అవతల డాక్టర్లు చూసి ఒప్పుకున్నాకే నగదు లేకుండా చికిత్స. ఎమర్జెన్సీలో ఫోన్‌లోనే అనుమతి తీసుకునే వీలుంది. స్టెంట్ వేశాక తీసిన బొమ్మలు, స్టెంట్ పెట్టె మీది స్టిక్కర్ కూడా పంపితేనే ఆసుపత్రికి బిల్లు వస్తుంది. అంటే స్కాన్ ఇక్కడ వైద్యానికే కాదు, డబ్బుకూ సాక్ష్యం.

పరీక్షల దగ్గరే పేచీ ఎక్కువ. పథకంలో ఉన్న చికిత్స కోసం నెట్‌వర్క్ ఆసుపత్రికి వచ్చినవారికి అవసరమైన పరీక్షలు ఉచితంగా చేయాలి, చివరికి ప్రొసీజర్ అక్కర్లేదని తేలినా సరే. ఆచరణలో ‘ఆపరేషనే ఫ్రీ, పరీక్షలకు మీరే కట్టాలి’ అన్న మాట కౌంటర్లలో వినిపిస్తూనే ఉంటుంది. కట్టేముందు ఆ ఆసుపత్రిలోనే కూర్చునే ఆరోగ్యమిత్ర దగ్గరికి చీటీ తీసుకెళ్లి, ‘ఈ పరీక్ష ప్యాకేజీలో ఉందా, లేదా?’ అని అడగండి. జవాబు నచ్చకపోతే 104కి అక్కడినుంచే ఫోన్ చేయండి. కట్టాల్సి వస్తే పరీక్ష పేరుతో రసీదు తీసుకోండి, ‘అడ్వాన్స్’ అని రాసిన చీటీతో తర్వాత ఏమీ నిరూపించలేరు.

సొంత డబ్బుతో వెళ్లేవాళ్లకు ఒక రక్షణ ఉంది. స్టెంట్ ధరకు 2017 ఫిబ్రవరిలో కేంద్ర ధరల నియంత్రణ సంస్థ పరిమితి పెట్టింది, మందు పూసిన స్టెంట్‌కు అప్పట్లో 29,600 రూపాయలు. తర్వాత సవరిస్తూ వచ్చినా ఇప్పటికీ పన్ను కాకుండా 40 వేల లోపే. బిల్లులో స్టెంట్ ధర, బ్రాండ్, బ్యాచ్ నంబరు విడిగా చూపించాలన్నది ఆ ఉత్తర్వులోనే ఉంది. ప్యాకేజీ పేరుతో అన్నీ కలిపేసి ఒక్క అంకె వేస్తే విడగొట్టి ఇమ్మని అడిగే హక్కు మీది.

బొమ్మలు మీవి

2025లో బకాయిలు చెల్లించలేదంటూ రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు పథకం సేవలు ఆపేసిన రోజులున్నాయి. ఆ రోజుల్లో పరీక్షలన్నీ అయిపోయి ప్రొసీజర్ తేదీ కోసం చూస్తున్నవాళ్లు ఏం చేయాలి? నిమ్స్‌కో, ఉస్మానియాకో, విశాఖ కేజీహెచ్‌కో, తిరుపతి స్విమ్స్‌కో మారాలి. అప్పుడు చేతిలో కేవలం రెండు పేజీల రిపోర్టు ఉంటే చాలా సందర్భాల్లో మళ్లీ మొదటినుంచే. ‘ఎల్‌ఏడీ 80 శాతం’ అన్న అక్షరాలను చూసి ఏ డాక్టరూ స్టెంట్ వేయరు, కదిలే బొమ్మ చూడాలి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎకోకే తేదీ ఇచ్చి పంపే పరిస్థితి ఉన్నప్పుడు మళ్లీ మొదలుపెట్టడం అంటే రోజులు పోవడం. యాంజియో రెండోసారి చేస్తే కిడ్నీల మీద కాంట్రాస్ట్ భారం కూడా రెండోసారి.

అందుకే యాంజియోగ్రామ్‌కు, సీటీకి, ఎంఆర్ఐకి రిపోర్టుతో పాటు సీడీనో, పెన్‌డ్రైవ్‌నో, డౌన్‌లోడ్ లింకునో తప్పకుండా అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలు సరిపోవు. ఎకోకు సాధారణంగా సీడీ ఇవ్వరు, అడిగితే కొన్నిచోట్ల ఇస్తారు. టీఎంటీకి గ్రాఫుల పేజీలన్నీ కావాలి, మొదటి పేజీ ఒక్కటి కాదు. ‘మా దగ్గరే చేయించుకుంటారు కదా, సీడీ ఎందుకు?’ అని అడ్డు చెబితే రాతపూర్వకంగా అడగండి. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల వృత్తి నియమావళి 2002లోనే చెప్పింది.

లింకులు కొన్ని వారాల్లో పనిచేయడం మానేస్తాయి, అందిన రోజే దించుకుని ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ దాచండి. సీడీ అయితే కౌంటర్ దగ్గరే వాళ్ల కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూపించమనండి. పేరు, వయసు, తేదీ, కుడి ఎడమలు మీవేనా సరిచూసుకుని అప్పుడు బయల్దేరండి.